రాతి వంతెన రైలు పక్కన బొమ్మలా ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: హెచ్‌ఓ స్కేలులో తయారుచేస్తున్న నా రైలు నమూనా కోసం, వాగు మీద రెండు కమానుల రాతి వంతెనను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోతపోశాను. ఆరిన తరువాత రాళ్ల గీతలు చెక్కి, బూడిద రంగు వేశాను. విడిగా చూస్తే బాగానే ఉంది కాని, ఇంజన్ దానిమీదకి రాగానే వంతెన మొత్తం చాక్లెట్ బిళ్లలా కనిపిస్తోంది. రంగు కూడా మచ్చలు మచ్చలుగా పట్టింది. ఫొటో జతచేశాను. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: మీ చేతిపనిలో లోపం లేదు, కొలతలో ఉంది. హెచ్‌ఓ స్కేలు 1:87, అంటే అసలులో 87వ వంతు, కాబట్టి అసలు కట్టడంలోని ఒక అడుగు మీ నమూనాలో 3.5 మి.మీ. అవుతుంది. ఫొటోలో పట్టాల మధ్య దూరాన్ని, అంటే 16.5 మి.మీ.లను, కొలబద్దగా తీసుకుని చూస్తే మీ రాళ్ల వరుస ఒక్కొక్కటి సుమారు 8 మి.మీ. ఎత్తుంది, అంటే అసలులో రెండడుగులకు మించిన బండ. అంతకన్నా పెద్ద చిక్కు గీతల వెడల్పు. మీరు చెక్కిన గాడి ఒక మిల్లీమీటరు ఉందనుకున్నా, అసలు గోడలో అది 87 మి.మీ. దర్జు (రాళ్ల మధ్య అతుకు) అవుతుంది, ఏ మేస్త్రీ అంత సందు వదలడు. చక్కగా చెక్కిన రాళ్ల మధ్య 10, 12 మి.మీ. దర్జు ఉంటుందనుకుంటే మీ స్కేలులో అది వెంట్రుకంత గీత మాత్రమే. అందుచేత గాడి తవ్వకండి, సూదిమొనతో గీయండి.

రెండవ లోపం కమాను దగ్గర ఉంది. గోడలోని అడ్డ వరుసలను మీరు కమాను అంచు దాకా నేరుగా లాగి ఆపేశారు. నిజంగా అలా కడితే వంతెన కూలిపోతుంది. కమాను బరువును మోసేది దాని అంచు వెంట విసనకర్ర ఆకుల్లా పేర్చిన రాళ్లే. వాటి మధ్య గీతలన్నీ అర్ధవృత్తపు కేంద్రం వైపు చూడాలి, నడినెత్తిన ఒక రాయి కూర్చునేలా సంఖ్య బేసిగా ఉంటే అందం. ఉదాహరణకు 15 అడుగుల వెడల్పు కమాను మీకు 52.5 మి.మీ. వస్తుంది, దాని లోపలి వంపు పొడవు దాదాపు 82 మి.మీ. 21 రాళ్లు పెడితే ఒక్కొక్కటి 4 మి.మీ.కు కాస్త తక్కువ, ఇది నమ్మదగిన కొలత. ముందు ఈ రాళ్లను గీసి, ఆ తరువాతే గోడ వరుసలను వాటికి తాకించండి. ముఖం మీది గీతలు కమాను అడుగుభాగంలోకి కూడా తిరగాలి. చాలామంది అక్కడ వదిలేస్తారు, కాని చూసేవారి కన్ను మొదట పడేది ఆ చీకటి మూల మీదే. గోడలో ఒక వరుస నిలువు దర్జు పై వరుస రాయి నడుమకు రావాలన్నది ఎలాగూ తెలిసిందే.

చెక్కడానికి సరైన సమయం పోత గట్టిపడ్డాక, ఇంకా తడి ఉండగానే. పూర్తిగా ఎండిన ప్లాస్టర్ మీద దబ్బనం లాగితే అంచులు పెళుసుగా రాలతాయి. ఎండిపోయి ఉంటే నీళ్లు చల్లి కాసేపు ఆగండి. మళ్లీ పోత పోసేటప్పుడు, పొడి మీద నీళ్లు పోయకుండా నీళ్లలోనే పొడి చల్లితే ఉండలు తక్కువ. పాత్రలో మిగిలిన గట్టి ముక్కలు కొత్త మిశ్రమంలో కలిస్తే అది మీరు పోసేలోపే బిగుసుకుంటుంది.

మచ్చల సంగతి: ఎండు ప్లాస్టర్ రంగును ఒక్కసారిగా పీల్చుకుంటుంది, అచ్చుకు రాసిన నూనె అంటుకున్నచోట అసలు పీల్చుకోదు. సబ్బునీళ్లతో కడిగి, కొద్దిగా తడిగా ఉండగా పలుచని ఆక్రిలిక్ పూతలు వేయండి. మొదటిది దర్జు రంగు, లేత సున్నపు బూడిద. తరువాత పది రాళ్లకు ఒకటి చొప్పున కొంచెం గోధుమ, కొంచెం నీలిబూడిద అద్ది, చివర నీళ్లలా పలుచటి ముదురు రంగు పూసి గుడ్డతో తుడవండి. అన్నట్టు, కమాను నెత్తిన మీరు పూసిన పొగమసి చెరిపేయండి. కింద నుంచి ఆవిరి ఇంజన్ వెళ్లే వంతెనకే అది నప్పుతుంది. మీ వంతెన కింద వాగు ఉంది, అక్కడ దర్జుల నుంచి కారిన తెల్లటి సున్నపు చారలు, నీటిమట్టం దగ్గర పచ్చటి నాచు ఉండాలి.

ప్రశ్న: ప్లాస్టర్ బరువు. ఫోమ్‌తో చేయవచ్చా?

జవాబు: నిక్షేపంగా చేయవచ్చు, కాని పూసలు పూసలుగా రాలే థర్మాకోల్ వద్దు. నున్నగా, గట్టిగా ఉండే ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) ఫోమ్ తీసుకుని బాల్‌పెన్నుతో గీతలు నొక్కి, నలిపి ఉండచేసిన అల్యూమినియం రేకును దానిపై అద్దితే రాతి గరుకుదనం వస్తుంది. దీనిమీద మామూలు స్ప్రే పెయింటు కొట్టకండి, అందులోని ద్రావకం ఫోమ్‌ను కరిగించేస్తుంది. నీళ్లలో కలిసే రంగులే వాడండి.