ఉద్యోగులను బాగా చూసుకునే వాతావరణం ఆఫీసులో ఎలా తేవాలి?

మీ కంపెనీలో నలభై మంది ఉన్నారని, ఈ ఏడాది వరసగా కొందరు మానేశారని, మిగిలినవాళ్లు కూడా అలిసిపోయినట్టు కనిపిస్తున్నారని రాశారు. టీమ్ అవుటింగ్‌లు, మెడిటేషన్ యాప్, పుట్టినరోజు వేడుకలు మొదలుపెడితే మార్పు వస్తుందా అని అడిగారు. నేను చాలా ఏళ్లు పేరోల్‌లో, అంటే ఉద్యోగుల జీతాల లెక్కలు చూసే విభాగంలో పనిచేశాను, తర్వాత అలాంటి టీమ్‌నే నడిపాను. నా అనుభవంలో అయితే ముందు చూడాల్సింది పని ఎవరి మీద ఎలా పడుతోందన్నది. వేడుకల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నేను మొదట పనిచేసిన చోట జీతాల ఫైల్ చేయడం ఒక్కావిడకే వచ్చు. హాజరు, లీవులు, ఓవర్‌టైమ్, కటింగులు అన్నీ సరిచూసి బ్యాంకుకు పంపే షీట్ ఆవిడే తయారుచేసేది. ఒక నెలాఖరున వాళ్లమ్మగారికి ఆపరేషన్ పడింది. మా మేనేజర్ మంచి మనిషి. "మీరు నిశ్చింతగా వెళ్లండి, ఇక్కడ మేం చూసుకుంటాం" అన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ చూసుకోవడానికి ఆ పని ఎవరికి వచ్చు? ఆవిడ ఆపరేషన్ థియేటర్ బయట కుర్చీలో కూర్చుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఛార్జర్‌కు ప్లగ్ పాయింట్ ఎక్కడుందో నర్సును అడిగి ఫైల్ పూర్తిచేసింది. జీతాలు టైముకు పడ్డాయి. ఆవిడ అంకితభావాన్ని మెచ్చుకుంటూ అందరికీ మెయిల్ వచ్చింది. రేపు మనింట్లో కష్టం వచ్చినా ఇలాగే చేయాలి కాబోలు అని మేమంతా అనుకున్నాం. కొన్నాళ్లకు ఆవిడ ఉద్యోగం మానేసింది.

ఆ మేనేజర్‌కు మనసు లేదని నేను అనను. మనసున్నా ఏమీ చేయలేని విధంగా అక్కడ పని అమరి ఉంది.

అందుకే నా చేతికి టీమ్ వచ్చినప్పుడు నెలాఖరు పనులన్నీ ఒక కాగితం మీద రాయించాను. ఒక్కో పని పక్కన, ఎవరి సాయం లేకుండా దాన్ని పూర్తిచేయగలవాళ్ల పేర్లు రాశాం. ఒక్క పేరే ఉన్నచోటల్లా రెండో మనిషిని సిద్ధం చేశాం. పక్కన కూర్చుని చూస్తే పని రాదు. రెండో మనిషే అసలు నెల పని చేయాలి, మొదటి మనిషి కీబోర్డు ముట్టుకోకుండా చూస్తూ ఉండాలి. మొదట్లో పని నెమ్మదించింది, పైనుంచి మాటలూ పడ్డాయి. కానీ ఆ తర్వాత మా టీమ్‌లో లీవు పెట్టినవాళ్లకు ఆఫీసు నుంచి ఫోన్లు వెళ్లడం ఆగిపోయింది. మీ యాజమాన్యం ఒప్పుకోకపోతే బ్యాంకుల సంగతి చెప్పండి. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లను ఏటా కొన్ని రోజులు తప్పనిసరిగా లీవు మీద పంపే నియమం చాలా బ్యాంకుల్లో ఉంది. మోసాలు బయటపడాలని పెట్టిన నియమమే అయినా, ఏ పనీ ఒక్కరి చేతిలోనే ఉండిపోకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. ఖర్చు గురించి ఆలోచించేవాళ్లకు ఈ కారణం త్వరగా ఎక్కుతుంది.

ఇక యాప్ విషయం. పని వల్ల శక్తంతా ఇంకిపోయినట్టు అయిపోవడాన్ని బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుగా కాకుండా, పనిచేసే చోట చాలాకాలం సరిగా సంభాళించకుండా వదిలేసిన ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా నిర్వచించింది. అదే సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు లేదా అంతకుమించి పనిచేసేవాళ్లకు, 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు దాదాపు 35 శాతం ఎక్కువ. రాత్రి తొమ్మిదింటి దాకా పనిచేయించి, పదింటికి యాప్‌లో ఊపిరి పీల్చుకోమంటే ఆ మనిషికి ఏం ఒరుగుతుంది? యాప్ కొనే ముందు ఎవరు ఎన్ని గంటలు పనిచేస్తున్నారో లెక్క తీయండి.

నేను పాటించిన ఇంకో పద్ధతి చెబుతాను. వారానికోసారి ఒక్కొక్కరితో విడిగా కూర్చునేదాన్ని. "ఎలా ఉన్నావు?" అంటే "బాగానే ఉన్నాను మేడమ్" అనే జవాబే వస్తుంది. అందుకని "ఈ వారం నీ చేతిలో ఉన్నవాటిలో ఏది పక్కన పెడదాం?" అని అడిగేదాన్ని. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు, ఏదో పరీక్ష అనుకున్నారు. ఒకరు ధైర్యం చేసి ఒక రిపోర్టు పేరు చెప్పారు. అది అడిగిన డిపార్ట్‌మెంట్‌కు నేనే ఫోన్ చేసి, వచ్చే వారం ఇస్తామని చెప్పాను. అక్కడి నుంచి మిగతావాళ్లూ చెప్పడం మొదలుపెట్టారు. అవతలివాళ్లకు ఆ మాట చెప్పే బాధ్యత మీరు తీసుకోకపోతే ఈ ప్రశ్న అడగకండి, అడిగి వదిలేస్తే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

పొరపాట్ల విషయంలోనూ అంతే. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో అక్కడే ఎక్కువ కనిపించాయి. ఆ టీముల్లో వాళ్లు వాటిని దాచకుండా బయటికి చెప్పుకోగలుగుతున్నారన్నది ఆమెకు దొరికిన కారణం. మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి ఒక సాయంత్రం పరుగున వచ్చి, "మేడమ్, నేను పంపిన షీట్‌లో అకౌంట్ నంబర్లు తారుమారయ్యాయి" అన్నాడు. ఒక్క కాలమ్‌ను మాత్రమే సార్ట్ చేశాడు, పేర్లు కదలకుండా నంబర్లు కదిలాయి. బ్యాంకు వాళ్లు ఇంకా ఫైల్ తెరవలేదు కాబట్టి ఆపించగలిగాం. మర్నాడు పేరు, నంబరు జతను పాత నెలతో పోల్చి చూసే చెక్ ఒకటి షీట్‌లోనే పెట్టాం. అతను భయపడి ఊరుకుంటే ఈ సంగతి జీతాల రోజున తెలిసేది. అంతకుముందు ఒక సీనియర్ ఇలాగే వచ్చి చెప్పినప్పుడు ఎవరూ గొంతు పెంచకపోవడం అతను చూశాడు, అందుకే రాగలిగాడు.

లీవుకు కారణం అడగడం మానేయండి. అవుటింగ్ పెట్టుకుంటే పనిరోజున పెట్టండి, సెలవు రోజున వద్దు.

మీరు రాయలేదు గానీ, జనం వరసగా మానేస్తున్నారంటే వాళ్లంతా ఎవరి కింద పనిచేసేవాళ్లో తప్పకుండా చూడండి. పనిలో దిట్ట అయి ఉండి, కిందివాళ్ల మీద అందరి ముందూ అరిచే మనిషి ఒక్కరున్నా మీరు చేసే మిగతాదంతా వృథా. మా ఆఫీసులో అలాంటి ఒకాయన ఉండేవారు. ఫలానా రోజు ఫలానా మాట అన్నారని పైవాళ్లు ఆయనను విడిగా కూర్చోబెట్టి చెప్పారు, అప్రైజల్‌లోనూ రాశారు. మార్పు రాలేదు. చివరికి జీతం తగ్గించకుండా, టీమ్ బాధ్యత తీసేసి, ఒక్కరే చేసుకునే పని ఇచ్చారు. ఆయన ఆ పని చక్కగా చేశారు. ఆ టీమ్‌లో రాజీనామా పెట్టడానికి సిద్ధమైన ఇద్దరు ఆగిపోయారు.