వెనక బ్రేకు పిస్టన్ లోపలికి పోకపోతే ముందు క్లాంపు తీసెయ్

తమ్ముడూ, హోండా సివిక్‌కి బ్రేకు ప్యాడ్లు మార్చడానికి వెనక చక్రం విప్పి, సి-క్లాంపు (మర తిప్పి బిగించే పట్టు) ఎంత బిగించినా ప్యాడ్లను నొక్కే పిస్టన్ లోపలికి కదలడం లేదని అడిగావు. ముందు ఆ క్లాంపు తీసెయ్. ఇంకాస్త బిగిస్తే ప్యాడ్ల ఖర్చుతో పోయే పని కాలిపర్ (పిస్టన్, ప్యాడ్లు ఉండే బ్రేకు భాగం) దాకా వెళ్తుంది.

మిషిగన్ వచ్చిన కొత్తలో నేనూ అదే చేశాను. నాదీ పాత సివిక్ ఈఎక్సే. షాపులో చెప్పిన రేటు రూపాయల్లోకి మార్చి చూస్తే మా నాన్న నెల పెన్షన్ కంటే ఎక్కువ. నేనే చేద్దామని దిగాను. ముందు చక్రాల పిస్టన్లు క్లాంపుతో సాఫీగా లోపలికి పోయాయి కాబట్టి వెనకవీ అంతే అనుకున్నాను. బలంకొద్దీ తిప్పేసరికి లోపల టక్కున చప్పుడైంది. ఆ తర్వాత ఆ పక్క హ్యాండ్ బ్రేకు పట్టలేదు. కొత్త కాలిపర్ కొని, ఆ నెల ఇంటికి పంపే డబ్బు తగ్గించాను. ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే నీకింత వివరంగా రాస్తున్నాను.

ఈ కారులో హ్యాండ్ బ్రేకు కేబులు వెనక కాలిపర్‌కే వస్తుంది. దాని కోసం పిస్టన్ లోపల మరలు ఉంటాయి. అందుకే ఉత్తగా నొక్కితే పోదు, నొక్కుతూ తిప్పాలి. అలా తిప్పడానికి వేరే పరికరం ఉంటుంది. పిస్టన్ ముఖం మీద గాళ్లు కనిపిస్తున్నాయా? ఆ పరికరం పళ్లు పట్టేది అక్కడే. సివిక్‌కి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పు. ఆ పరికరం కొనకు. ఆటోజోన్ అనే కారు విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, పని అయ్యాక తిరిగిస్తే మొత్తం వెనక్కిస్తారు. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఇది తెలియక ఊరికే ఖర్చు పెడుతుంటారు.

హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించాకే తిప్పు. అది దించుతావు కాబట్టి ముందు చక్రాలకు అడ్డుకట్టలు పెట్టు, కారు జాక్ మీద కాదు, స్టాండ్ల మీదే ఉండాలి. కాలిపర్‌ని బ్రేక్ ఆయిల్ వచ్చే గొట్టానికి వేలాడనీయకుండా తీగతో కట్టు. బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగుతుందేమో చూస్తుండు, పెయింట్ మీద పడితే రంగు లేస్తుంది. లోపలి ప్యాడ్ వెనక చిన్న బొడిపె ఉంటుంది, చివర్లో పిస్టన్ గాడి దానికి సరిపడేలా తిప్పి ఆపు.

అయినా మొండికేస్తే బ్లీడర్ స్క్రూకి (కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే స్క్రూ) ట్యూబు తగిలించి, కొంచెం వదులు చేసి మళ్లీ తిప్పి చూడు. ఇప్పుడు సులువుగా పోతే లోపం గొట్టంలో ఉండొచ్చు. ఇప్పుడూ పోకపోతే పిస్టన్‌కి తుప్పు పట్టినట్టే. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో ఇది మామూలే. అప్పుడు బలం చూపించకు, కాలిపర్ మార్చు.

ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకున్న కొత్త కార్లకు ముందు సర్వీస్ మోడ్ (రిపేరు కోసం బ్రేకును వదులు చేసే సెట్టింగు) పెట్టాలి, ఎలాగో మాన్యువల్‌లో చూసుకో. అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో రిపేర్లు కుదురుతాయో లేదో లీజులో (అద్దె ఒప్పందంలో) ఉంటుంది.

అన్నీ బిగించాక కారు కదిపేముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కు. కాలిపర్ మార్చాల్సి వస్తే రీమాన్యుఫాక్చర్డ్‌ది (పాతదాన్ని బాగుచేసి అమ్మేది) అడుగు, చవక. పాతది పారెయ్యకు, తీసుకెళ్లి ఇస్తే కోర్ డిపాజిట్ (పాత భాగం తిరిగిస్తావని ముందు కట్టించుకునే డబ్బు) తిరిగిస్తారు.