ఫొటోలో నేనెక్కడ?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రెండు సిజేరియన్లయ్యాక ఫొటో అంటేనే టెన్షన్, అందరి వెనకా నిలబడతాను. మా చెల్లెలు ‘బుడ్వార్’ ఫొటోలు తీయించుకోమంటోంది. ఈ వయసులో తప్పు కాదా?
- ఒక సోదరి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: తప్పేం లేదమ్మా. బుడ్వార్ అంటే ఫ్రెంచిలో ఆడవాళ్ల సొంత గది. ‘అలగడం’ అనే మాట నుంచి పుట్టింది, మన అలకపాన్పుకు దగ్గరి చుట్టం. బుడ్వార్ ఫొటోలంటే అలాంటి సొంత గదిలో ఉన్నట్టు, ఏకాంతంగా తీయించుకునేవి. వాటిలో ఎంత కనిపించాలో మీ ఇష్టం. బట్టలు తగ్గించాలన్న రూలేమీ లేదు.

గుంటూరు బ్రాడీపేటలో ఒకావిడకు ఇలాంటి ఫొటోలు తీశాను (ఆవిడ సరేనన్నాకే రాస్తున్నాను). పాత మంగళగిరి చీరలో వచ్చారు. అరగంటసేపు పొట్ట బిగబట్టుకునే ఉన్నారు. లైట్లన్నీ ఆపేసి, కిటికీ పక్కన కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. గ్లాసు పట్టుకుని ఊపిరి వదిలారు చూడండి, అప్పుడు తీశాను. “మా అమ్మ మెడ అచ్చం ఇలాగే ఉండేది” అంటూ చాలాసేపు ఆ ఫొటో వదల్లేదు.

ఒక్క ఫొటోతో ఏళ్లనాటి బిడియం పోతుందని మాత్రం చెప్పను. మీకు ఇష్టమైతేనే వెళ్లండి, తోడుగా చెల్లెల్ని తీసుకెళ్లండి. ఫొటోలు ఎక్కడా పెట్టకూడదని ఫొటోగ్రాఫర్‌తో ముందే రాయించుకోండి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలపై, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు మీదే. గోప్యమైన శరీర భాగాల ఫొటోలను అనుమతి లేకుండా పంచితే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం సెక్షన్ 66ఈ కింద 3 ఏళ్ల దాకా జైలు. సంతకానికి నసిగితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.