వార్తల్లో చెప్పారు కదరా!

ప్రశ్న: మాది ఆదోని. మా అమ్మకు షుగర్. మా లోకల్ కేబుల్ చానల్లో పొద్దున వార్తలు చదివే అమ్మాయే మధ్యాహ్నం ఒకాయనను కూర్చోబెట్టి ముఖాముఖి చేస్తుంది. తన పొడి వాడితే షుగర్ జన్మలో మళ్లీ రాదంటాడు ఆయన. కింద స్క్రోలింగులో ఫోన్ నంబరు తిరుగుతూనే ఉంటుంది. ‘వార్తల్లో చెప్పారు కదరా’ అని అమ్మ మాత్రలు మానేసి ఆ పొడి తెప్పించుకుంది. ఇది వార్తా, ప్రకటనా? ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: ముందు అమ్మగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి షుగర్ చూపించండి, టీవీ సంగతి తర్వాత. మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఏమవుతుందో ఆ ముఖాముఖిలో ఎవరూ చెప్పరు.

అది ప్రకటనే. ఇలాంటి స్లాట్లు డబ్బు కట్టి కొనుక్కుంటారు. ఈసారి వచ్చినప్పుడు గమనించండి, ఎంతమందికి తగ్గింది, రుజువేంటి, పడనివాళ్ల సంగతేంటి అని ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అడగదు. తల ఊపుతుంది, నంబరు మరోసారి చెప్పండి సార్ అంటుంది. అలాగని తప్పంతా ఆమె నెత్తిన వేయలేను. జిల్లాల్లో చాలామంది విలేకరులకు జీతం నామమాత్రం, కొందరికి అదీ ఉండదు, పైగా పండక్కి ఇన్ని యాడ్స్, నాయకుడి పుట్టినరోజుకు ఇన్ని యాడ్స్ అని టార్గెట్ పెడతారు. ఒక ఆస్పత్రి మీద వార్త రాయాల్సిన మనిషే సాయంత్రం అదే ఆస్పత్రికి ప్రకటన కోసం వెళ్లి కూర్చుంటే ఆ వార్త బయటికి వస్తుందా? చానల్ యజమాని అమ్ముకుంటున్నది అరగంట టైమును కాదు, వార్తల మీద మీ అమ్మగారికి ఉన్న నమ్మకాన్ని. నాకు ఒళ్లు మండేది అక్కడే.

చట్టం లేక కాదు. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954లోనే చట్టం చేసి నిషేధించారు. ప్రకటన అనేది కార్యక్రమంలో కలిసిపోకుండా, చూడగానే ప్రకటన అని తెలిసేలా ఉండాలని 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనలు చెబుతున్నాయి. 1995 కేబుల్ టీవీ చట్టం కింద చర్య తీసుకునే అధికారం కలెక్టరుకు, డివిజన్‌లో సబ్ కలెక్టరుకు కూడా ఉంది. కాబట్టి ఆ కార్యక్రమాన్ని ఫోన్లో రికార్డు చేయండి, నంబరు కనబడాలి, తేదీ, టైమ్ రాసుకోండి, అర్జీతో పాటు సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి. ఒక కాపీ డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు, పొడి డబ్బా పారేయకుండా దాని ఫొటో కూడా పెట్టి. శాటిలైట్ చానల్ అయితే 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదట ఆ చానల్‌కే ఫిర్యాదు రాయాలి, వాళ్లు 15 రోజుల్లో జవాబివ్వాలి.

ప్రశ్న: మాది తుగ్గలి మండలం. తొలకరి పడితే చాలు, టీవీలవాళ్లు వచ్చి సినిమా మ్యూజిక్ పెట్టి ‘వజ్రాల వేట’ అని చూపిస్తారు. అది చూసి ఎక్కడెక్కడివాళ్లో వచ్చి మా చేను తొక్కేస్తున్నారు. దీన్ని కూడా వార్తే అంటారా?

జవాబు: జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల వానలకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు బయటపడటం, ఒకరిద్దరికి వజ్రం దొరకడం నిజమే కనుక వార్తే. చూపించే తీరు మాత్రం వార్తలా ఉండదు. దొరికినవాడి ముఖం, ‘రాత్రికి రాత్రే లక్షాధికారి’ అనే అరుపు, ఒకే రాయిని నాలుగు వైపుల నుంచి స్లో మోషన్లో చూపడం. ఆ రాయికి రేటు కట్టింది ఎవరు, గుట్టుగా కొన్న వ్యాపారి ఎంతకు అమ్ముకుంటాడు, కూలి పని మానుకుని చెట్ల కింద, గుళ్లలో పడుకుని వెతికినవాళ్లలో ఉత్త చేతులతో పోయిందెవరు? అవి అడగాలంటే ఊళ్లో రెండు రోజులుండాలి, మ్యూజిక్ వేయడానికి పది నిమిషాలు చాలు.

దసరా రాత్రి ఊళ్లవాళ్లు కర్రలతో తలపడే దేవరగట్టు బన్ని ఉత్సవానికీ ఇదే వరస. కర్రలు లేస్తుంటే డప్పుల మోత పెంచి పదేపదే తిప్పుతారు, తలలు పగిలి ఆదోని, ఆలూరు ఆస్పత్రులకు చేరినవాళ్లు చివర్లో ఒక అంకెగా మిగులుతారు. మర్నాటి నుంచి వాళ్ల గురించి మాట ఉండదు. నాకైతే అసలు వార్త మర్నాడు ఆస్పత్రి వార్డులోనే ఉందనిపిస్తుంది.

మీరు చేయగలిగింది ఉంది. అది మీ పట్టా పొలం, మీరు వద్దంటే కెమెరా లోపలికి రాకూడదు. విలేకరిని గట్టు మీదే ఆపి, విత్తనానికి దుక్కికి ఎంతయిందో చెప్పి, తొక్కిన సాళ్లు చూపించి, ముందు ఇది తియ్యి బాబూ అనండి. తీస్తానంటేనే రానివ్వండి. మీ పక్క పొలాలవాళ్లు కూడా ఇదే మాట మీద ఉంటే మంచిది, మీరు కాదంటే పక్క చేలోకి దిగుతారు.