అమెరికాలో ఓటున్న లిబరల్ తెలుగువాళ్ళు ఎన్నికలన్నా, కోర్టులన్నా, మీడియా అన్నా ఎప్పుడు చూసినా అంత చిరాగ్గా ఎందుకుంటారు అని అడిగారు.

ఓడిపోయామన్న ఉక్రోషం అనుకుంటారు చాలామంది. కాదండీ. గుంటూరు జిల్లాలో పెరిగినవాణ్ణి, పార్టీలు గెలవడం, ఓడిపోవడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. నా కోపమల్లా ఇక్కడ బ్యాటింగ్ చేసేవాడే అంపైరు కూడా కావడం మీద.

నేను జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో ఉంటాను. కూరగాయల దుకాణంలో ఇంగ్లిష్ అవసరం పడనంతగా మనవాళ్ళున్న చోటు. 2018లో ఇక్కడ గవర్నర్ ఎన్నిక జరిగింది. రిపబ్లికన్ అభ్యర్థి బ్రయాన్ కెంప్. రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారం చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఎవరయ్యా అంటే, అదే బ్రయాన్ కెంప్. పోలింగ్ అయ్యేదాకా కుర్చీ దిగలేదు. స్టేసీ ఏబ్రమ్స్ మీద సుమారు 55 వేల ఓట్లతో గెలిచాడు. మోసం చేశాడని నేననను. కానీ మన దగ్గర రిటర్నింగ్ అధికారే ఎమ్మెల్యేగా నామినేషన్ వేస్తే ఊరుకుంటామా?

ఇంకోటి. 2020లో మా ఇల్లు ఏడో కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) నియోజకవర్గంలో ఉండేది. ఆ ఏడాది డెమొక్రాట్ కారొలిన్ బోర్డో ఆ సీటు గెలుచుకుంది. మర్నాటి ఏడాదే రిపబ్లికన్ల చేతిలో ఉన్న రాష్ట్ర శాసనసభ నియోజకవర్గాల హద్దుల మ్యాపు కొత్తగా గీసి మమ్మల్ని ఆరులో పడేసింది. ఆ ఆరో సీటు రిపబ్లికన్లకి పోయింది. ఈ మ్యాపు నల్లజాతి ఓటర్లకి అన్యాయం చేస్తోందని 2023లో ఫెడరల్ జడ్జి తప్పుపడితే మళ్ళీ గీశారు. మేం మళ్ళీ ఏడులోకి వచ్చి పడ్డాం, ఈసారి ఏడు కూడా రిపబ్లికన్లకే. ఇల్లు కదల్లేదు, దాని మీద అప్పూ కదల్లేదు. మన దగ్గర పునర్విభజన చెయ్యాలంటే సుప్రీంకోర్టు జడ్జి అధ్యక్షతన ఓ కమిషన్ వేస్తారు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో గెలిచినవాళ్ళే గీసుకుంటారు. నార్త్ కరోలినా వాళ్ళు దీని మీద సుప్రీంకోర్టుకెక్కితే, పార్టీల లాభం కోసం గీసుకోవడం రాజకీయ వ్యవహారం, ఫెడరల్ కోర్టులకి సంబంధం లేదని 2019లో 5-4తో చేతులు దులిపేసుకున్నారు.

ఇక టీ సంగతి. 2022లో ఇక్కడి పార్లమెంటులో ఎగువసభ అయిన సెనేట్ సీటుకి డెమొక్రాట్ రాఫెల్ వార్నాక్, రిపబ్లికన్ హెర్షల్ వాకర్‌ల మధ్య రనాఫ్ వచ్చింది. మొదటి రౌండులో ఎవరికీ సగానికి మించి రాకపోతే ఇక్కడ మళ్ళీ పోటీ పెడతారు. నాతో పనిచేసే ఓ నల్లజాతి పెద్దాయన కారు మెకానిక్ దగ్గరుందంటే, ముందస్తు ఓటింగుకి నేనే తీసుకెళ్ళాను. పొద్దున్నే చలి. లైను భవనం చుట్టూ తిరిగి పార్కింగ్ చివరిదాకా ఉంది. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి ఒరుగుతూ నిలబడ్డాడు. మా ఆవిడ ఫ్లాస్కులో అల్లం టీ పోసిచ్చింది కదా అని ఓ పేపరు కప్పులో పోసి ఆయనకిచ్చాను. వెనకున్న ముసలావిడ వాసన బాగుందంది. ఆవిడకీ ఓ కప్పు అందించాను.

ఆవిడ ఇంకా ఊదుకుంటూనే ఉంది, మెడలో బ్యాడ్జీ వేసుకున్న కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. లైన్లో ఉన్నవాళ్ళకి ఏమీ ఇవ్వకూడదు సర్, చట్టం ఒప్పుకోదు అన్నాడు. టీయే కదా అన్నాను. టీ అయినా అంతే అన్నాడు. పాపం వాడి మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. 2021లో తెచ్చిన ఎస్.బి. 202 అనే చట్టం అది. పోలింగ్ భవనానికి 150 అడుగుల లోపల ఓటరుకి తిండి గానీ నీళ్ళు గానీ చేతికిస్తే నేరం. ఎవరికి వాళ్ళు పట్టుకుని తాగేలా అధికారులు ఓ నీళ్ళ డబ్బా పెడితే మాత్రం తప్పు లేదట. ముసలావిడ భయపడి కప్పు తిరిగిచ్చేసింది. మా పెద్దాయన ఆ కుర్రాణ్ణే చూస్తూ నిదానంగా చివరి చుక్కదాకా తాగి, కప్పు నలిపి కోటు జేబులో పెట్టుకున్నాడు.

మన ఊళ్ళలో పోలింగు ముందురోజు రాత్రి నోట్లూ క్వార్టర్లూ గడపదాకా వస్తాయి, అది ఆపాలంటే అర్థముంది. అల్లం టీకి ఓటెవడమ్ముకుంటాడండీ?

కోర్టుల గురించి అడిగారు కాబట్టి. 2016 ఫిబ్రవరిలో ఇక్కడి సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ స్కాలియా చనిపోతే ఆ కుర్చీకి ఒబామా మార్చిలో మెరిక్ గార్లండ్ పేరు సెనేట్ ఆమోదానికి పంపాడు. ఇది ఎన్నికల సంవత్సరం, ప్రజలే తేల్చాలి అని సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మెక్కానెల్ విచారణ కూడా పెట్టనివ్వలేదు. 2020 సెప్టెంబరులో అదే కోర్టులో లిబరల్ జడ్జి గిన్స్‌బర్గ్ పోతే, అదే మెక్కానెల్ ఎన్నికకి ఎనిమిది రోజుల ముందు ఎమీ కోనీ బారెట్‌ని 52-48 ఓట్లతో కూర్చోబెట్టాడు. రెండేళ్ళు తిరక్కుండా 1973 నాటి అబార్షన్ హక్కుని ఆ కోర్టే తీసేసింది. గిన్స్‌బర్గ్ మీదా నాకు మంటే. 80 దాటాక, సెనేట్ మా డెమొక్రాట్ల చేతిలో ఉన్నప్పుడే దిగిపోయి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఇక్కడి జడ్జీలకి దిగిపోయే వయసంటూ లేదు, క్లారెన్స్ థామస్ 1991 నుంచి ఆ కోర్టులోనే ఉన్నాడు. మన సుప్రీంకోర్టులో 65 నిండితే ప్రధాన న్యాయమూర్తయినా సరే ఇంటికి వెళ్ళాల్సిందే. అమెరికా మన దగ్గర నేర్చుకోవాల్సింది యోగా కాదు, ఇది.

మీడియా అంటారా, 2020 ఎన్నికలో డొమినియన్ కంపెనీ ఓటింగ్ యంత్రాలు మోసం చేశాయన్న అబద్ధాలు ప్రసారం చేసి, ఆ కేసులో 78.75 కోట్ల డాలర్లు కట్టడానికి 2023లో ఫాక్స్ న్యూస్ ఛానల్ ఒప్పుకుంది. చూసేవాళ్ళు మాత్రం చూస్తూనే ఉన్నారు. మిగతావాళ్ళేం తక్కువ తిన్నారు? 2016లో ట్రంప్ సభకి ఇంకా రాకముందే ఖాళీ మైకుని లైవ్‌లో చూపించిన ఘనులు. మన తెలుగు ఛానళ్ళయితే మరీను. ఉషా వాన్స్ పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు అని తెలియగానే ఊళ్ళో కెమెరాలు దిగిపోయాయి. ఆవిడ భర్త ఉపాధ్యక్షుడైన రోజే, హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి పుట్టే పిల్లలకి పౌరసత్వం లేదని ట్రంప్ ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. అప్పటికప్పుడు కింది కోర్టులు ఆపాయి కాబట్టి సరిపోయింది గానీ, నెలలు నిండిన మన ఆడపిల్లలు ఎంత టెన్షన్ పడ్డారో వాళ్ళనడగండి.

మనవాళ్ళ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆంధ్రాలో తమ నాయకుడి కోసం ఇక్కడ కార్ల ర్యాలీ తీస్తారు, అక్కడ ఓటు లేకపోయినా సరే. ఇక్కడ ఓటుంది, స్కూల్ బోర్డుకి ఎవరు పోటీ చేస్తున్నారో తెలియదు. అడిగితే "మనకెందుకండీ" అంటారు.

2025లో టెక్సస్ రిపబ్లికన్లు, మామూలుగా పదేళ్ళకోసారి గీసే మ్యాపుని మధ్యలోనే మార్చి ఐదు సీట్లు లాగాలని చూశారు. దానికి జవాబుగా కాలిఫోర్నియాలో మావాళ్ళూ ప్రజల ఓటు పెట్టి మరీ తమకి పనికొచ్చే మ్యాపు గీసుకున్నారు. పైన నేను తిట్టిన పనే అది. అయినా అక్కడ ఓటుంటే అవుననే వేసేవాణ్ణి, మా ఆవిడతో కూడా వేయించేవాణ్ణి.