రెటీనా ఫెలోషిప్: అదే ఫైలు మళ్లీ పంపొచ్చా?

రెటీనా (కంటి వెనక పొర) ఫెలోషిప్‌కు ఇంటర్వ్యూ దాకా వెళ్లినా సీటు రాలేదని, మళ్లీ అదే అప్లికేషన్ ఫైలు పంపొచ్చా అని అడిగారు. ఇంటర్వ్యూ దాకా పిలిచి వద్దన్నారంటే అడ్డం వచ్చింది మార్కులు కాకపోవచ్చు. నల్లగొండలో ఎంఎస్ (కంటి వైద్యంలో పీజీ) తర్వాత మీరు చేస్తున్న పని ఆ ఫైలులో కనిపించడం లేదు. అదే పంపకండి.

1. ఎక్కడ తగ్గిందో మెయిల్‌లో అడగండి. చెప్పకపోయినా పోయేదేం లేదు.

2. చాలామంది వదిలేసేది లాగ్‌బుక్, అంటే చేసిన కేసుల రికార్డు. "కాటరాక్ట్ సర్జరీలు చేశాను" అంటే చాలదు. సొంతంగా చేసినవి, సీనియర్ పక్కనుండగా చేసినవి, అసిస్ట్ చేసినవి విడివిడిగా రాయండి. కాంప్లికేషన్లు దాచొద్దు, క్యాప్సూల్ (కంటి లెన్స్ చుట్టూ ఉండే పలుచని పొర) చిరిగితే ఏం చేశారన్నదే వాళ్లకు కావాలి. షుగర్ పేషెంట్లకు ఇండైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్‌తో (కంటి లోపలి భాగం చూసే పరికరం) చూసిన రెటీనాల లెక్కా చేర్చండి. కింద హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకం తప్పనిసరిగా పెట్టించండి.

3. రికమెండేషన్ లెటర్ పెద్ద పేరున్నవారితో కాదు, మీ చేతిపని చూసినవారితో రాయించండి.

ఎఫ్‌ఎన్‌బీకి (నేషనల్ బోర్డు ఇచ్చే ఫెలోషిప్) దారి వేరు, ఫెట్ అనే ప్రవేశ పరీక్ష ర్యాంకు మీద కౌన్సెలింగ్. నోటిఫికేషన్ వస్తే దానికీ అప్లై చేయండి.