హెల్మెట్ దించితే జాయింట్ కనపడటం లేదా? నల్ల గ్లాసు మార్చే ముందు ఇవి చూడండి

తమ్ముడు అడిగింది ఇదీ. కొత్తగా వెల్డింగ్ నేర్చుకుంటున్నాడు. 3.15 ఎం.ఎం. 6013 రకం వెల్డింగ్ రాడ్డు, హెల్మెట్‌లో 11వ నంబరు నల్ల గ్లాసు (నంబరు పెరిగేకొద్దీ గ్లాసు ముదురు). రాడ్డు అంటించగానే తెల్లటి చుక్క తప్ప ఇంకేమీ కనపడటం లేదట. రాడ్డు జాయింట్ వదిలేసి పక్కకి పోతోందట. పక్కన పనిచేసే అతనేమో, గ్యాస్ కటింగ్ గాగుల్స్ పెట్టుకుని కొట్టు, అంతా కనపడుతుంది అన్నాడట. ఆటో హెల్మెట్, అంటే రాడ్డు వెలగగానే గ్లాసు దానంతటదే చీకటిపడేది, కొనాలా అని కూడా అడిగాడు.

తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యొద్దు. గ్యాస్ కటింగ్ గాగుల్స్ సాధారణంగా 5వ నంబరు దగ్గర ఉంటాయి. అవి గ్యాస్ మంటకి సరిపోతాయి, ఆర్క్ (రాడ్డు కొసన కరెంటుతో పుట్టే మంట) వెలుగుకి చాలవు. పైగా గాగుల్స్ కంటిని మాత్రమే కప్పుతాయి. మొహం, మెడ కాలిపోతాయి.

మాది ఒడిశాలోని రాయగడ. గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్డు ఉంది. గుణుపూర్ నుంచి, ఇటు పార్వతీపురం నుంచి పని నేర్చుకోవడానికి కుర్రాళ్లు వస్తుంటారు. మొదట్లో వాళ్లందరిదీ ఇదే బాధ. నేను చూసినంతలో లోపం నల్ల గ్లాసులో ఉండటం తక్కువ. ముందున్న తెల్ల గ్లాసు పాడైపోయి, వెనక నుంచి వెలుతురు లోపలికి పడి, జాయింట్ మీద వెలుతురు చాలక కనపడదు. ఈ మూడూ సరిచేశాకే నంబరు సంగతి ఆలోచించాలి.

ముందు తెల్ల గ్లాసు. నల్ల గ్లాసుకి ముందు పారదర్శకంగా ఒకటి ఉంటుంది కదా, దాన్ని బయటికి తీసి ఆకాశం వైపు పెట్టి చూడు. చిన్న చిన్న నిప్పురవ్వలు అతుక్కుని గరుకుగా తగులుతుంది. పొగ పట్టి గోధుమరంగు తేలి ఉంటుంది. ఆర్క్ వెలుగు ఆ రవ్వల మీద పడి చెదిరిపోతుంది, అందుకే అంతా మసకగా, తెల్లగా కనపడుతుంది. చొక్కా కొసతో తుడిస్తే గీతలు పడి ఇంకా పాడవుతుంది. ముందు దుమ్ము ఊదేసి, తడి మెత్తటి గుడ్డతో తుడువు. గీతలు, గుంటలు పడితే మార్చెయ్. దాని ఖరీదు ఎంతో కాదు, నాలుగు ఒకేసారి కొని పెట్టుకో. మా షెడ్డులో తెల్ల గ్లాసుల ప్యాకెట్టు రాడ్ల పక్కనే ఉంటుంది. ఎవరినీ అడగకుండా తీసుకోమని కుర్రాళ్లకి చెప్పాను.

తర్వాత వెనక వెలుతురు. ఇది చాలామంది గమనించరు. మా షెడ్డు ముఖద్వారం పడమటికి ఉంది. సాయంత్రం ఎండ నేరుగా లోపలికి వస్తుంది. ఎండకి వీపు పెట్టి పనిచేస్తే ఆ వెలుగు హెల్మెట్ వెనక సందులోంచి దూరి, నల్ల గ్లాసు లోపలి వైపు తగిలి మెరుస్తుంది. అప్పుడు అద్దంలో జాయింట్ కాదు, నీ మొహమే నీకు కనపడుతుంది. నిలబడే దిక్కు మార్చు. మార్చడం కుదరకపోతే తలకి ముదురు రంగు తువ్వాలు చుట్టుకుని, వెనక సందు మూసుకునేలా కిందికి వదులు. నూలుదే వాడు, నైలాన్ అయితే రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

ఇక జాయింట్ మీద వెలుతురు. ఇక్కడ మంచి ఎల్‌ఈడీ ల్యాంపు ఒకటి ఉంటే సగం బాధ పోతుంది. నీ వెనక నుంచి కాకుండా పక్క నుంచి, జాయింట్ మీదే పడేలా పెట్టు. ఆర్క్ వెలిగాక ఈ వెలుతురు ఏం పనిచేస్తుందని అనుకోకు. ఆటో హెల్మెట్ అయితే ఆర్క్ అంటించే ముందు గ్లాసు 3 లేదా 4 నంబరులో ఉంటుంది, అప్పుడు ల్యాంపు వల్ల రాడ్డు కొస ఎక్కడుందో తెలుస్తుంది. మామూలు నల్ల గ్లాసైతే ల్యాంపు వెలుతురులో రాడ్డుని జాయింట్ దగ్గర కుదురుగా పెట్టుకుని, తర్వాత తల ఆడించి హెల్మెట్ దించు. గీత కావాలంటే జాయింట్ పక్కన సుద్దతో గీసుకో. సుద్ద గీత ఆర్క్ వెలుగులో తెల్లగా కనపడుతుంది, స్కెచ్ పెన్ను గీత మాయమైపోతుంది.

ఇప్పుడు చూపు ఎక్కడ నిలపాలన్నది. కొత్తవాళ్లు ఆర్క్ వంకే చూస్తారు. రాత్రి ఘాట్ రోడ్డు మీద ఎదురు లారీ హెడ్‌లైట్ లోకి చూస్తే రోడ్డు అంచు కనపడదు కదా, ఇదీ అంతే. ఆర్క్ కి కొంచెం వెనక, కరిగిన ఇనుము గుండ్రంగా కదులుతూ ఉంటుంది. చూడాల్సింది దాన్ని. 6013 రాడ్డులో స్లాగ్ (రాడ్డు పూత కరిగి పైన తేలే మడ్డి) ఎక్కువ, అది కూడా ద్రవంలానే పారుతుంది కాబట్టి ఏది ఇనుమో ఏది స్లాగో మొదట తెలియదు. స్లాగ్ కదలిక వేరు, కరిగిన ఇనుము వెనక అంచు వేరు. ఖాళీ ప్లేటు మీద నెమ్మదిగా బీడ్లు (వెల్డింగ్ గీతలు) వేస్తూ, ఆ వెనక అంచు ఒక్కదాన్నే గమనించు. ఆర్క్ పొడవు కూడా తగ్గించు. రాడ్డు పైకి లేస్తే వెలుగు విరజిమ్ముతుంది, కరిగిన ఇనుము దానికింద దాక్కుంటుంది. తల మరీ పైనుంచి వంచకుండా పక్క నుంచి చూస్తే పొగ కూడా మొహానికి రాదు.

ఇవన్నీ చేశాక నంబరు. 3.15 ఎం.ఎం. రాడ్డుకి 100, 120 ఆంప్స్ కరెంటు దాకా నడుపుతుంటావు. దానికి 10వ నంబరు మామూలుగా సరిపోతుంది. నీ 11 కొంచెం ముదురు, అది మార్చుకోవచ్చు. 160 ఆంప్స్ దాటితే 12 దాకా వెళ్లాలి, అప్పుడు 10 కంటే తక్కువ పనికిరాదు. ముదురుతో మొదలుపెట్టి, కరిగిన ఇనుము స్పష్టంగా కనపడేదాకా ఒక్కో మెట్టు తగ్గించడం మంచి పద్ధతి.

ఆటో హెల్మెట్ గురించి కూడా అడిగావు. చేతిలో డబ్బుంటే తప్పకుండా కొను, ముఖ్యంగా టాక్‌లు (ముక్కలు కదలకుండా వేసే చిన్న అతుకులు) ఎక్కువ కొట్టే పనికి. మా మేస్త్రీల కాలంలో కళ్లు మూసుకుని టాక్ కొట్టేవాళ్లు, నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మంచి హెల్మెట్ చీకటిపడక ముందు కూడా అతినీలలోహిత కిరణాలని, వేడి కిరణాలని ఆపుతుంది. కొనేటప్పుడు వెలుగుని పసిగట్టే సెన్సార్లు నాలుగు ఉన్నవి చూడు. గేటు లోపలి మూలల్లో చెయ్యి గానీ పైపు గానీ సెన్సారుకి అడ్డమైతే గ్లాసు చీకటిపడదు. మధ్యలో మిణుకుమిణుకుమంటుంటే ముందు బ్యాటరీ మార్చు, తర్వాత సెన్సిటివిటీ బటన్ తిప్పి చూడు. తక్కువ ఆంప్స్‌లో పనిచేసేటప్పుడు ఈ బటన్ ఎక్కువ అవసరం.

నీ వయసుకి ఇది వర్తించకపోవచ్చు గానీ నలభై దాటిన వాళ్లు ఎవరైనా చదువుతుంటే చెబుతున్నాను. పేపరు చదవడానికి కళ్లజోడు కావాల్సినవాళ్లకి జాయింట్ కూడా మసకగానే ఉంటుంది, ఏ నంబరు గ్లాసు పెట్టినా. మా పెద్దమేస్త్రీ ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, బీడ్లు వంకర పోతున్నాయని చెయ్యి పాడైందని దిగులుపడ్డాడు. నల్ల గ్లాసు వెనక పెట్టే భూతద్దం లెన్సు తెప్పించి ఇచ్చాను. 1.0 నుంచి 2.5 దాకా పవర్లలో దొరుకుతుంది. మళ్లీ తిన్నగా కొడుతున్నాడు. వేసుకునే ముందు కంటి డాక్టరుకి చూపించి, ఎంత దూరంలో పనిచేస్తావో చెప్పి పవర్ రాయించుకోవడం మంచిది.

ఒకవేళ ఆర్క్ వెలుగు కళ్లలో పడితే నొప్పి వెంటనే రాదు. కొన్ని గంటల తర్వాత, ఎక్కువగా రాత్రి పూట, కళ్లలో ఇసుక పోసినట్టు ఉండి నీళ్లు కారతాయి. మాకు ఇక్కడ బంగాళాదుంప ముక్క, పాలచుక్కలు వేసుకునే అలవాటుంది. కళ్లలో ఏదీ వెయ్యొద్దు. మూసుకుని విశ్రాంతి తీసుకో, తెల్లారి డాక్టరుకి చూపించు. మత్తు చుక్కలు దుకాణంలో కొని వేసుకుంటే నొప్పి తెలియదు కానీ పుండు మానదు.

నువ్వు ఎన్ని ఆంప్స్‌లో నడుపుతున్నావో, షెడ్డులో ఏ దిక్కున నిలబడుతున్నావో చెప్పు, తెల్ల గ్లాసు ఫొటో ఒకటి పెట్టు. చూసి చెబుతాను.